పొడవు కోటు షో కుక్కలున్న ఇంటివారు ఊరికి వెళ్ళాలంటే

సంక్రాంతికి ఏ రోజు బయలుదేరుతున్నారని ఊరినుంచి ఫోను వస్తే, చాలా ఇళ్ళలో ముందుగా రైలు టికెట్ల సంగతి చూస్తారు. మా ఇంట్లో మాత్రం కుక్కల స్నానాల పుస్తకం తీస్తాం. చెన్నై అయనావరంలో ఉంటున్న మాకు రెండు షిట్జులు, ఒక ల్హాసా ఆప్సో ఉన్నాయి. వాటిలో రెండు నేలను తాకే కోటుతో (ఒంటి మీది జుట్టును షోలకు వెళ్ళేవారు కోటు అంటారు) ప్రదర్శనలకు వెళుతున్నవి. మా అత్తగారి ఊరు ఒంగోలు దగ్గర, ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్ళక తప్పదు, తప్పించుకోవాలనీ మాకు లేదు. ఈ రెండు బాధ్యతలూ ఒకదానినొకటి తొక్కకుండా నడపడం ఎలాగో, ఇదే పరిస్థితిలో ఉన్న ఇతర తెలుగు కుటుంబాలకు పనికివచ్చేలా, పనులు చేయవలసిన క్రమంలోనే రాస్తున్నాను.

రోజుల లెక్క వేసుకోవడం

ప్రదర్శన కోటును నిలబెట్టే పనులకు రెండు గడువులున్నాయి. పొట్లాలను రెండు మూడు రోజులకొకసారి విప్పి, దువ్వి, మళ్ళీ కట్టాలి. స్నానం వారానికి, మహా అయితే పది రోజులకు ఒకసారి తప్పదు. పొట్లాలంటే, జుట్టును పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను పలుచని కాగితంలో గాని ప్లాస్టిక్ ముక్కలో గాని మడిచి, చిన్న రబ్బరు బ్యాండుతో నిలపడం; షోలకు వెళ్ళేవారు దీన్ని ర్యాపింగ్ అంటారు. మీ సెలవు చీటీ రాసే ముందు ఈ రెండు గడువులను ప్రయాణపు రోజుల పక్కన పెట్టి చూడండి.

రెండు రాత్రుల ప్రయాణమైతే, ముందు రోజే స్నానం, పొట్లాలు పూర్తిచేసి బయలుదేరవచ్చు. ఇంట్లో ఉండేవారు తిండి, నీళ్ళు, నడక, మూతి తుడవడం చూసుకుంటే చాలు, జుట్టు జోలికి పోనక్కరలేదు. మూడు నుంచి ఆరు రాత్రులైతే మధ్యలో ఒకటి రెండుసార్లు పొట్లాలు విప్పి కట్టగల చేయి కావాలి. వారం దాటితే స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టి, తిరిగి కట్టగలవారు కావాలి, అది ఒకటి రెండు రోజుల్లో నేర్పగల పని కాదు. కాబట్టి వారం దాటిన ప్రయాణానికి ఇంట్లో ఒకరు ఆగిపోవడమో, కుక్కను అనుభవమున్న హ్యాండ్లర్, అంటే షోలలో కుక్కలను నడిపించే మనిషి దగ్గర ఉంచడమో, వెంట తీసుకువెళ్ళడమో తప్ప నాలుగో దారి లేదనే అనుకోండి.

ఈ లెక్క షిట్జుకు సరిపోతుంది. ల్హాసా జుట్టు బరువుగా, కాస్త గరుకుగా ఉంటుంది కనుక ఒక రోజు ఎక్కువ ఓర్చుకుంటుంది. మాల్టీస్‌కు లోపలి బొచ్చు ఉండదు. పట్టులాంటి ఆ ఒంటిపొర జుట్టు ఉండ కట్టేది తక్కువైనా, నిర్లక్ష్యం చేస్తే తెగేది ఎక్కువ. అఫ్గాన్ హౌండ్, కాకర్ స్పానియల్ ఉన్నవారు చెవుల మీద దృష్టి పెట్టాలి. పొమెరేనియన్ ఉన్నవారికి పొట్లాల గొడవ లేదు కనుక ఈ వ్యాసంలో ఆ భాగాన్ని దాటవేయవచ్చు. జాతి ఏదైనా, సుమారు తొమ్మిది నెలల వయసు నుంచి ఏడాది దాటేవరకు, పిల్లబొచ్చు పోయి పెద్ద కోటు వచ్చే కాలంలో, ఉదయం దువ్విన చోటే సాయంత్రానికి చిక్కు తేలుతుంది. ఆ నెలల్లో కుక్కను వదిలి రెండు రాత్రులకు మించి ఉండవద్దు. ఇది బతిమాలి చెబుతున్న మాట.

ఏడాది మొత్తానికి ఒకేసారి ఆలోచించడం

మన దేశంలో డాగ్ షోలు ఎక్కువగా చలికాలం చుట్టూ, సుమారు అక్టోబరు నుంచి మార్చి లోపల జరుగుతాయి. మన దసరా, దీపావళి, సంక్రాంతి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. షోలను స్థానిక క్లబ్బులు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద నడుపుతాయి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది. ఎంట్రీలు ప్రదర్శనకు చాలా ముందే ముగుస్తాయి కనుక, తేదీలు ప్రకటించిన రోజునే వాటిని ఇంటి క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఒక్కొక్క తేదీకి ముందు పదిహేను రోజులను ప్రయాణాలు లేని రోజులుగా గీత గీయండి. ఎందుకు పదిహేను అంటే, ప్రయాణంలో తెగిన కొసలు, పేరుకున్న దుమ్ము, కడుపు పాడైతే వెనక కాళ్ళ జుట్టుకు పట్టే మరకలు ఒక్క స్నానంతో పోవు, రెండు స్నానాలు కావాలి.

గీతలు గీశాక మిగిలిన ఖాళీల్లో కుటుంబం ప్రయాణాలను సర్దండి. మా అనుభవంలో బాగా కుదిరిన ఏర్పాటు ఇది: సంక్రాంతికి చిన్న ప్రయాణం, వేసవిలో పెద్ద ప్రయాణం. బడి సెలవులున్న వేసవిలో షోలు దాదాపు ఉండవు, కనుక పది రోజులు వెళ్ళినా పోటీ నష్టం లేదు. అయితే ఆ ఎండల్లో కుక్కను వెంట తీసుకువెళ్ళడం మాత్రం సాహసం అవుతుంది, ముఖ్యంగా షిట్జు వంటి పొట్టి ముక్కు జాతులకు. అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే మే నెలలో ఎండలు బాగా ముదిరే కాలంలో, కరెంటు పోతే ఏసీ కూడా ఆగిపోతుందని గుర్తుంచుకుని, కుక్క ఉండే గదిలో ఫ్యాను ఇన్వర్టరు మీద నడిచేలా ముందే చూసుకోండి.

ఇక్కడ ఒక మాట నిస్సంకోచంగా చెప్పాలి. ఉద్యోగరీత్యానో, ఊళ్ళో పెద్దవారి ఆరోగ్యం వల్లనో నెలకు రెండుసార్లు ప్రయాణం చేయవలసిన కాలం ఏ కుటుంబానికైనా వస్తుంది. అలాంటి ఏడాది కోటును పొట్టిగా కత్తిరించి, షోలకు విరామం ఇవ్వడంలో అవమానం ఏమీ లేదు. షిట్జు కోటు మళ్ళీ నేలను తాకడానికి సుమారు రెండేళ్ళు పడుతుంది, కానీ ఆ రెండేళ్ళూ కుక్క హాయిగా ఉంటుంది. మా మామగారు ఆసుపత్రిలో ఉన్న ఏడాది మేము పెద్ద షిట్జుకు అదే చేశాం. అది అద్దంలో చూసుకుని సంబరపడిందని మావారు అంటారు, నేను నమ్మను.

చూసుకునే మనిషిని తయారుచేయడం

ప్రయాణానికి నాలుగు వారాల ముందు మొదలుపెట్టవలసిన పని ఇది, మిగిలిన అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. కుక్కను ఇంట్లోనే ఉంచి, దానికి అలవాటైన మనిషిని రప్పించడం పొడవు కోటు కుక్కలకు అన్నిటికన్నా మంచి పద్ధతి. సాధారణ బోర్డింగ్ కేంద్రాలను నేను ఎందుకు నమ్మనో చెప్పడానికి ఒక సంగతి చాలు. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళికి వెళుతూ ఆడ షిట్జును ఎనిమిది రోజులు ఒక చోట ఉంచాం. తిరిగి వచ్చేసరికి ఒళ్ళంతా మిషనుతో గొరిగి ఉంది. చంకల్లో, చెవుల వెనక కట్టిన ఉండలు చర్మాన్ని లాగుతుంటే అది కుంటుతోందని, అందుకే తీసేశామని అక్కడివారు చెప్పారు. నిదానంగా ఆలోచిస్తే వారు చేసింది సరైన పనే. ఇరవై కుక్కల్ని చూసే మనిషి ఒక్క కుక్క దగ్గర రోజుకు గంటసేపు కూర్చుంటాడని ఆశించడం నా తప్పు. తప్పనిసరై బోర్డింగులో ఉంచవలసి వస్తే, వెళ్ళే ముందే కోటును మధ్యస్థంగా కత్తిరించి ఉంచండి. ఏడు రకాల టీకాతో పాటు రేబిస్, కెన్నెల్ కాఫ్ టీకాలు ఉంచే తేదీకి కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి.

ఇంటికి వచ్చే మనిషి బంధువైనా, పనామె అయినా, కాలేజీ కుర్రాడైనా, చూసి నేర్చుకుంటే చాలదు, చేసి నేర్చుకోవాలి. మొదటి వారం వారు మీ పక్కన కూర్చుని చూడాలి. రెండో వారం ఒక పక్క మీరు, రెండో పక్క వారు దువ్వాలి. మూడో వారం వారు మొత్తం చేస్తే మీరు చేతులు కట్టుకుని చూడాలి. అన్నిటికన్నా కష్టమైన వారం ఇదే, ఎందుకంటే మధ్యలో దువ్వెన లాక్కోవాలని చేతులు తహతహలాడతాయి. నాలుగో వారం మీరు ఒక రాత్రి నిజంగానే ఇల్లు వదిలి వెళ్ళి, మర్నాడు వచ్చి, సన్నపళ్ళ స్టీలు దువ్వెనను చర్మం దాకా దింపి పరీక్షించండి. దువ్వెన ఎక్కడా ఆగకుండా కొస దాకా జారితే ఆ మనిషి సిద్ధమైనట్టే.

నేర్పవలసిన పద్ధతిని చిన్నచిన్న పనులుగా విడదీసి చెప్పండి. కుక్కను పక్కకు పడుకోబెట్టాలి. స్ప్రే సీసాలో నీళ్ళు పోసి, అందులో చెంచాడు కండిషనర్ కలిపి, దువ్వబోయే చోట సన్నగా చల్లాలి. పొడి జుట్టును దువ్వితే తెగుతుంది. పొట్ట దగ్గర నుంచి మొదలుపెట్టి, పైజుట్టును చేత్తో ఎత్తిపట్టి, చర్మం కనిపించేలా ఒక గీత తీసి, ఆ గీత కింది జుట్టును మాత్రమే పిన్ బ్రష్‌తో దువ్వాలి. అది పూర్తయ్యాక వేలెడు పైన ఇంకో గీత తీయాలి. ఇలా వెన్నుపూస దాకా రావాలి. పైపైన దువ్వితే కోటు చూడ్డానికి నున్నగా ఉండి, లోపల చర్మం దగ్గర దుప్పటిలా అల్లుకుపోతుంది, కొత్తవారందరూ మోసపోయేది అక్కడే. చిక్కు తగిలితే దువ్వెనతో లాగకుండా, కాస్త కార్న్‌ఫ్లోర్ (తెల్లని మొక్కజొన్న గంజిపిండి) అద్ది, వేళ్ళతో పక్కలకు విడదీసి, ఆ తరువాత దువ్వెన కొసతో కొంచెం కొంచెంగా విప్పాలి. చిక్కు విప్పకుండా నీళ్ళు పోస్తే అది బిగిసి ఉండ అవుతుంది, తరువాత కత్తెరే దిక్కు. చెవుల వెనక, చంకలు, తొడల లోపలి భాగం, మెడపట్టీ ఆనే చోటు, ఈ నాలుగూ రోజూ చూడమని చెప్పండి, మిగతా ఒళ్ళు ఒక రోజు ఆగినా ఫరవాలేదు.

సూచనల కాగితం తెలుగులో రాసి గోడకు అంటించి, వచ్చే మనిషికి తమిళం తప్ప చదవడం రాదని బయలుదేరే రోజున గుర్తించడం మా ఇంట్లో జరిగింది. తమిళంలో రాయించండి, అంతకన్నా మేలు, మీరు దువ్వుతుండగా మీ చేతుల మీదుగా తీసిన చిన్న చిన్న వీడియోలు వారి ఫోనులో వేయండి.

అదే కాగితం మీద మీ వెటర్నరీ డాక్టరు నంబరు, రాత్రివేళ వెళ్ళవలసిన చోటు రాయండి. చెన్నైలో వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కళాశాల ఆసుపత్రి ఆటోవాళ్ళందరికీ తెలిసిన చోటు. ఆ కళాశాల 1903 నుంచి ఉంది. మీరు లేనప్పుడు అత్యవసర చికిత్సకు ఒప్పుకుంటున్నామని, ఖర్చు మీరే భరిస్తారని సంతకం చేసిన ఒక ఉత్తరాన్ని, టీకాల పుస్తకాన్ని, కార్పొరేషన్ లైసెన్సు నకలును, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్పు) నంబరును ఒకే కవరులో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచండి. కుక్క జబ్బుపడిన సమయంలో డాక్టరు కత్తిరించాలంటే కోటు గురించి ఆలోచించకుండా ఒప్పుకోమని కూడా ఆ ఉత్తరంలో రాయండి. ఆ వాక్యం లేకపోతే మీ మనిషి మీ ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

బయలుదేరే ముందు రోజు స్నానం, పొట్లాలు

ఉదయాన్నే మొదలుపెట్టండి, సాయంత్రం సామాను సర్దే హడావిడిలో ఈ పని కుదరదు. పూర్తిగా దువ్వి, ఒక్క చిక్కు కూడా లేదని తేల్చుకున్న తరువాతే నీళ్ళు పోయాలి. షాంపూను నీళ్ళలో పల్చగా కలిపి, జుట్టు పెరిగే దిశలోనే చేత్తో కిందికి నిమరాలి, తలంటినట్టు గుండ్రంగా రుద్దకూడదు. చెన్నైలో బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పగా ఉండి, ఎంత కడిగినా జుట్టుకు తెల్లని పొరలా పట్టి బిరుసుగా చేస్తాయి. మొదటి కడుగులకు ఆ నీళ్ళు వాడినా, చివరి కడుగుకు అర క్యాను తాగే నీళ్ళు గోరువెచ్చగా చేసి పోయండి. ఆ ఖర్చు దండగ అని మొదట్లో అనిపిస్తుంది, తేడా చేతికి తెలిశాక అనిపించదు.

ఆరబెట్టడంలో తొందరపాటు పనికిరాదు. తువ్వాలును అద్ది తడి లాగాలి, రుద్దకూడదు. డ్రయ్యరు గాలిని మరీ వేడిగా లేకుండా చూసుకుని, గాలి పడుతున్న చోటే బ్రష్‌తో దువ్వుతూ ఒక్కొక్క పొరను వేర్ల దాకా ఆరనివ్వాలి. ఈ ఊరి ఉక్కలో, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, పైన పొడిగా అనిపించే జుట్టు కింద చర్మం తడిగానే ఉంటుంది. ఆ తడి మీద పొట్లాలు కడితే రెండు రోజుల్లో వాసన, నాలుగు రోజుల్లో పుండు వస్తాయి.

పొట్లం కట్టేటప్పుడు, ఒకే చోట పెరిగిన, ఒకే దిశలో కదిలే జుట్టును మాత్రమే ఒక పొట్లంలో పెట్టండి. పక్కటెముకల మీది జుట్టును భుజం జుట్టుతో కలిపి కడితే కుక్క అడుగు వేసిన ప్రతిసారీ చర్మం లాగుతుంది. దాన్ని ఓర్చుకోలేక అది పంటితో పొట్లం పీకితే ఏడాది పెరుగుదల ఒక్క రాత్రిలో పోతుంది. కట్టాక ప్రతి పొట్లాన్నీ అటూ ఇటూ తిప్పి, చర్మం కదలకుండా పొట్లం మాత్రమే కదులుతోందా అని చూడండి. తరువాత కుక్కను నడిపించండి, ఒళ్ళు దులుపుకోనివ్వండి, గీరుకుంటుందేమో పది నిమిషాలు గమనించండి. రబ్బరు బ్యాండు తీసేటప్పుడు లాగకూడదు, చిన్న కత్తెరతో బ్యాండును మాత్రమే తుంచాలి.

మగకుక్క పొట్ట కింది జుట్టు మూత్రంతో తడిసి పసుపు పడుతుంది కనుక, మీరు లేని రోజుల్లో బయటికి తీసుకువెళ్ళి వచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దమని చెప్పాలి. నీళ్ళు తాగేందుకు గిన్నె బదులు గోడకు తగిలించే నాలుకతో నాకే సీసా అలవాటు చేస్తే మూతి జుట్టు తడవదు. ఈ అలవాటుకు రెండు వారాలు పడుతుంది, కనుక ముందే మొదలుపెట్టండి.

వెంట తీసుకువెళితే

కారులో అయితే తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరండి. నెల్లూరు దాకా సుమారు 175 కిలోమీటర్లు, ఎండ ఎక్కకముందే ఆ దూరం దాటిపోవచ్చు. ఆఖరి తిండి బయలుదేరడానికి కనీసం మూడు నాలుగు గంటల ముందు, అంటే ముందు రాత్రి పెట్టేయాలి, ఉదయం నీళ్ళు మాత్రమే. కుక్కను ఒడిలో కూర్చోబెట్టవద్దు, గాలి ఆడే క్రేటులో నున్నని సాటిన్ గుడ్డ పరిచి ఉంచండి. నూలు తువ్వాలు మీద ఏడు గంటలు పడుకుంటే ఒక పక్క జుట్టంతా చిక్కుపడుతుంది. హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేస్తే చంకల్లో రాపిడి తప్పదు, దిగి నడిచే పది నిమిషాలకే దాన్ని వాడండి. టిఫిను కోసం హైవే పక్కన ఆగినప్పుడు అందరూ ఒకేసారి లోపలికి వెళ్ళకూడదు. ఆగిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్దగా తగ్గదు. ఎగశ్వాస, చిక్కని చొంగ, తూలడం కనిపిస్తే కోటు తడుస్తుందని చూడకుండా నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేసి, డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

రైల్లో ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గాని, నాలుగు బెర్తుల క్యాబిన్ గాని మొత్తం మీ పేరనే ఉంటేనే కుక్కను మీతో ఉంచుకోనిస్తారు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, చైర్ కార్, స్లీపరులో అనుమతి లేదు. కూపే మనకే వస్తుందని టికెట్ కొన్నప్పుడు తెలియదు, చార్టు తయారైనప్పుడే తేలుతుంది, కనుక టికెట్లు తీసిన వెంటనే రైల్వే కమర్షియల్ అధికారులకు దరఖాస్తు పెట్టాలి. కుక్కకు పార్సిల్ ఆఫీసులో విడిగా బుక్ చేయించాలి. టీకాల పుస్తకం, బయలుదేరడానికి 24 నుంచి 48 గంటల ముందు తీసుకున్న డాక్టరు ధ్రువపత్రం దగ్గర ఉండాలి. పినాకిని వంటి పగటి బండిలో ఫస్ట్ ఏసీయే లేదు. గార్డు, సామాను ఉండే బ్రేక్ వ్యానులోని డాగ్ బాక్సు గురించి నా అభిప్రాయం అడిగితే, పొట్టి ముక్కు, పొడవు జుట్టు ఉన్న కుక్కను నేను అందులో ఎక్కించను. ఎయిర్ ఇండియా, ఆకాసా వంటి విమాన సంస్థలు చిన్న కుక్కను క్యాబిన్‌లోకి అనుమతిస్తాయి, కానీ బరువు పరిమితిలో సంచి బరువు కూడా కలుస్తుంది. ఎనిమిది కిలోల మా మగ షిట్జు లాంటి వాటికి ఆ సంస్థ పరిమితి ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి. పొట్టి ముక్కు జాతులను కార్గోలో పంపే ఆలోచన పెట్టుకోవద్దు.

ఊళ్ళో ఉన్న రోజులు

పల్లెలో పెరడు కోటుకు పెద్ద పరీక్ష. పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు ఒకసారి పట్టుకుంటే చర్మం దాకా దూరుకుపోతాయి. వినాయక చవితి పత్రిలో భక్తితో వెదికే ఆ ఉత్తరేణినే మిగతా ఏడాదంతా నేను పెరట్లో కనిపించిన చోటల్లా పీకేస్తుంటాను. కుక్కను పెరట్లోకి వదలకుండా తాడుతో, ఊడ్చిన వాకిట్లోనే తిప్పండి. భోగి మంట దగ్గరికి అసలు తీసుకురావద్దు, పొడవు జుట్టుకు ఒక్క నిప్పురవ్వ చాలు. ముగ్గు రంగులు పాదాల జుట్టుకు పట్టి, నాకితే కడుపులోకి పోతాయి కనుక, పండుగ మూడు రోజులూ కాళ్ళకు మేజోళ్ళు వేసి ఉంచండి.

పిడుదుల విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. గొడ్లు, వీధికుక్కలు తిరిగే చోట పిడుదు పట్టడం ఖాయం, దట్టమైన కోటులో అది వెంటనే కంటపడదు. చర్మం మీద పోసే మందు జుట్టును జిడ్డు చేస్తుంది కనుక, మింగించే మాత్ర సరిపడుతుందేమో డాక్టరును అడిగి, ప్రయాణానికి ముందే ఇప్పించండి.

ఇక బంధువులు. ప్రేమతో పెట్టే చేతులను ఆపడం చిక్కు విప్పడం కన్నా కష్టం. పరమాన్నంలోని కిస్‌మిస్, ఉల్లిపాయ పడిన కూర, చాక్లెట్ కుక్కకు విషంతో సమానమని, ఉడికిన కోడి ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయని మొదటి రోజు భోజనాల దగ్గరే అందరి ముందూ ఒకసారి చెప్పేయండి. పిల్లలకు కుక్క తలమీది పిలక లాగవద్దని చెప్పడం కన్నా, రాత్రి దువ్వేటప్పుడు స్ప్రే సీసా వాళ్ళ చేతికిస్తే బాగా పనిచేస్తుంది. కొబ్బరినూనె రాయమని ప్రతి పెద్దావిడా చెబుతుంది. నూనెకు దుమ్ము అంటుకుని అది బురదలా మారుతుంది కనుక నవ్వి ఊరుకోండి. నేను అరుగు మీద కూర్చుని ముప్పై పొట్లాలు కడుతుంటే మా మామగారు చూసి, "ఆడపిల్లకైనా ఇన్ని జడలు వేయరు కదమ్మా" అన్నారు. మర్నాడు బ్యాండ్లు అందించింది మాత్రం ఆయనే.

కుక్క చెన్నైలో, మీరు ఊళ్ళో ఉంటే

రోజుకు ఒక్కసారి, ఒకే వేళకు ఫోను చేయండి. కుక్క ఎలా ఉందని అడిగితే బాగుందనే చెబుతారు. చెవి వెనక, చంక, తొడ లోపల మూడు ఫోటోలు అడగండి, తిన్న గిన్నె ఫోటో ఒకటి అడగండి. వీడియో కాల్‌లో మీ గొంతు వినిపిస్తే కుక్క ఇల్లంతా వెతికి ఆ రాత్రి తిండి మానేయవచ్చు, మా ఆడది అదే చేసింది, కనుక ఆ ముచ్చట మానుకోండి. చిక్కు ఒకటి చేయి దాటిపోయిందని చెబితే కోప్పడకుండా, ఆ ఒక్క ఉండను నిలువుగా చీల్చి విప్పమనండి, కుదరకపోతే కత్తిరించమనండి. కోప్పడితే రెండోసారి దాచిపెడతారు.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన రాత్రే పొట్లాలన్నీ విప్పి, వేళ్ళతో ఒళ్ళంతా తడిమి, పిడుదులు, గింజలు, పుండ్లు ఉన్నాయేమో చూడండి. వేళ్ళ సందులు, చెవి మడతలు, తోక కింద మరచిపోకండి. ఆ రాత్రి స్నానం వద్దు, అలసిన మనిషి చేయి గట్టిగా పడుతుంది. మర్నాడు పూర్తిగా దువ్విన తరువాత స్నానం చేయించి, మూడు నాలుగు రోజులు కోటును వదులుగా ఉంచి, ఆపైన పొట్లాలు మళ్ళీ మొదలుపెట్టండి. టిక్ ఫీవర్ లక్షణాలు పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడతాయి కనుక, మూడు వారాల పాటు జ్వరం, తిండి తగ్గడం, చిగుళ్ళు పాలిపోవడం గమనిస్తూ, ఏ ఒక్కటి కనిపించినా రక్తపరీక్ష చేయించండి.

ఇల్లు చూసుకున్న మనిషికి ఇవ్వవలసింది ఆ రోజే ఇచ్చి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో అడిగి, స్నానాల పుస్తకంలో ఆ ప్రయాణం తేదీల పక్కన రాసుకోండి. మా పుస్తకంలో నిరుటి సంక్రాంతి ఎదురుగా "ఎడమ చెవి వెనక ఒక ఉండ, పెసరగింజంత, విప్పేసింది" అని ఉంది. ఉగాదికి మళ్ళీ ఆమెనే రమ్మన్నాం.